మా పైన్‌కి ఇంకా మాట రాలేదు

గాలి నెల, మొదటి రోజు

వినికిడి పుస్తకంలో చెట్లు పలికిన మాటలు తప్ప మరేమీ రాయకూడదని మా మెట్ట నియమం. ఉత్తరపు వీధి చెట్లకున్న చెవిపెట్టెలు తుడిచి, సూదులు సరిచేసి, ఏ చెట్టు ఎప్పుడు పలికిందో రాయడం నా ఉద్యోగం. మా ఇంటి చెట్టుకు కూడా కొన్ని పేజీలు కేటాయించారు. అది నాటిన దగ్గర నుంచీ ఒక్క మాట పలికిన పాపాన పోలేదు కనక ఆ పేజీలు ఖాళీగా పడి ఉన్నాయి. ఈ మెట్ట మీద కాగితం నీళ్లకన్నా ప్రియం. వృథా చేయడం మంచిది కాదు కనక వాటిలో మనుషులు పలికినవి రాస్తున్నాను. ఎవరైనా పట్టుకుంటే మా చెట్టే చెప్పిందంటాను.

పొద్దున సూరపునాయుడు గారి చెట్టు చెవిపెట్టె తుడవడానికి వెళ్లాను. మా వీధిలో గట్టిగా మాట్లాడే పైన్ అదే. మానులోకి దిగిన ఒక సూది, సూదికి ఒక పెట్టె, పెట్టెకు ఇత్తడి బూర. చెట్టు లోపల మన చెవికి అందనంత చిన్న చప్పుడైనా బూరలో టక్ మని వినిపిస్తుంది. టక్ మంటే అవును. పలక్కపోతే కాదు. తాతల నాటి నుంచీ ఇదే లెక్క.

నాయుడు గారు కొత్త తలపాగా చుట్టుకుని చెట్టు ముందు నిలబడి ఉన్నారు. వెనకాల, రాత్రి మంచుకు తడిసిన వలలు పిండి నీళ్లు పట్టుకోవడానికి కుండలతో సగం వీధి ఉంది.

"అమ్మా, ఇయ్యాల మంచు వలలు ముందుగాల నానే పిండుకోనా?" అని అడిగారు.

టక్.

"సూసినారా," అని వెనక్కి తిరిగారు. "నాకేటి, సొంత ఆశా? అమ్మ సెప్పింది."

చెట్టును ఆయన అమ్మా అనే పిలుస్తారు. నాటింది వాళ్లమ్మే. ఆవిడ పోయాక బూడిద కూడా దాని మొదట్లోనే కలిపారు. చెట్టు పలికినప్పుడల్లా ఉద్ధరిణెడు నీళ్లు పొయ్యడం మా ఆచారం. ఆయన భక్తిగా పోశారు. ఆ నీళ్లు వేరుకు చేరడం అటుంచి, చీమ కాళ్లు కడుక్కోవడానికి కూడా చాలవు.

ఈ ఏడాది ఆ చెట్టుకు వాగుడు మరీ ఎక్కువైంది. రచ్చబండ మీద నీడనున్న చోటు నాయుడు గారిదే అంది. కంచె దాటి కాసిన పక్కింటి గుమ్మడికాయ నాయుడు గారిదే అంది. అడిగిన ప్రతిదానికీ అవునంటుంది. అలాంటి చుట్టం ఒకరుంటే ఎంతటి తగువైనా గెలవచ్చు.

ఇంటికి రాగానే మా అత్త ఎర్రయ్యమ్మ గుమ్మంలోనే అడ్డం పడింది.

"మనది పలికిందేటే దాలమ్మా?"

"లేదత్తా."

"పోనీ, దగ్గిందా?"

దగ్గనూ లేదన్నాను. మా ఆయన అప్పన్న వంటింట్లోంచి తొంగి చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. మా ఇంట్లో వంట ఆయనదే. ఏడాదికి సరిపడా మాటలు ఆయన ఉగాది నాడే వాడేసి, మిగతా కాలమంతా పోపుతోనే సరిపెడతారు. మా ఇంట్లో చెట్టూ మాట్లాడదు, మగడూ మాట్లాడడు. ఆ లోటంతా అత్తే పూడుస్తుంది.

గాలి నెల, అయిదో రోజు

సభ పెద్ద పోలమ్మ గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ఆవిడ వచ్చారంటే కబురు మంచిది కాదన్నమాట.

"మీ సెట్టు ఈడుకొచ్చీసింది ఎర్రయ్యమ్మా," అన్నారు మంచినీళ్లు తాగి. "నడినెల సభలో అడగాల. పలికితే సరే. పలకకపోతే మరి నియమం నీకు తెలిసిందే."

నియమం అందరికీ తెలిసిందే. ఈడొచ్చిన చెట్టును సభలో "ఇక్కడ ఉంటావా?" అని అడుగుతారు. పలక్కపోతే ఉండనన్నట్టు. దాన్ని కొట్టేసి, ఇంటివాళ్లను దిగువ మెట్టుకు పంపుతారు. దిగువన మంచు పట్టదు, వలలు తడవవు. ప్రతి చుక్కా ఎగువ నుంచి మోసుకుపోవాలి. మా అత్తకు మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. మా చోటు ఖాళీ అయితే ఎవరికి దక్కుతుందో సూరపునాయుడు గారి చెట్టు ఇదివరకే చెప్పేసింది. ఎవరికో నేను రాయక్కర్లేదు.

పోలమ్మ గారు వెళ్లాక అత్త చాలాసేపు చెట్టు కిందే కూర్చుంది. పెళ్లయి వచ్చిన వారంలో తన చేత్తో నాటిన మొక్క అది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"దీని తల్లి సెట్టు మంచిగానే మాటాడీదట," అంది అత్త. "ఇది నా పెంపకం. నాను దీనికి మాటాడ్డానికి సందివ్వలేదేటో."

అలా అనకూడదు గాని, అది నిజమే అయ్యుండొచ్చని అనుకున్నాను. కానీ అత్త కళ్లలో నీళ్లు చూసి నాకు నవ్వు రాలేదు.

గాలి నెల, తొమ్మిదో రోజు

అత్త దొంగతనం చేసింది. గర్వంగా రాస్తున్నాను, ఆ వయసులో అంత చురుకు ఎవరికుంటుంది?

మా దగ్గర నోరుకొమ్మ అని ఒక ఆచారం ఉంది. పిల్లలకు మాట త్వరగా రావాలని వస నాకించినట్టే, మాట రాని చెట్టుకు మాట్లాడే చెట్టు కొమ్మ తెచ్చి కడతారు. మణికట్టంత లావు కొమ్మ కావాలి, పైగా బెరడు ఊడకూడదు. కిందటేడు మా వీధిలో మూడిళ్ల వాళ్లు నాయుడు గారి చెట్టు నుంచి కొమ్మలు పట్టుకెళ్లి కట్టారు. ఈ వేసవిలో ఆ మూడు చెట్లకూ నోళ్లు లేచాయి. బెల్లం పంచారు. నేనూ తిన్నాను, బాగుంది.

మాకు మాత్రం నాయుడు గారు కొమ్మ ఇవ్వనన్నారు. చెట్టును అడిగి మరీ ఇవ్వనన్నారు. "ఎర్రయ్యమ్మకి కొమ్మ ఇవ్వకుండా ఉండనా అమ్మా?" అంటే టక్ మంది.

ఈ మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు, కింద పడిన మంచి కొమ్మొకటి చూసి అత్త చీర కుచ్చెళ్లలో దోపుకుని వచ్చేసింది. కర్ర మింగినదానిలా నడుస్తుంటే దారిలో పోలమ్మ గారు ఆపి నడుము నొప్పికి మందు కూడా చెప్పారట.

"ఒరే అప్పన్నా, సెట్టెక్కి సిటారుకి కట్టు. ఎవులూ సూడకుండా," అని కొమ్మ ఆయన చేతికిచ్చింది. ఆయన తలూపారు.

గాలి నెల, పదో రోజు

పొయ్యి రాజుకోలేదు. పైన్ పుల్ల అంటే నిప్పు చూపిస్తే చాలు, జిగురు చిటపటలాడుతూ భగ్గుమంటుంది. ఇవాళ పొయ్యిలో ఉన్నది పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. మా ఆయన గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రజేసుకుని, నోరు తెరిచారు. నోరు తెరిచారంటే విషయం పెద్దదే.

"ఇందులో జిగురు నేదు," అన్నారు.

"ఎక్కడిదది?"

ఆయన పొయ్యి వంక చూశారు, చెట్టు చిటారు వంక చూశారు, అత్త పడుకున్న గది వంక చూశారు. నాకు అర్థమైంది. ఈయనకు చెట్టెక్కడమంటే భయం. అమ్మకు ఎదురు చెప్పడమంటే ఇంకా భయం. కొమ్మను కట్టానని చెప్పి పొయ్యిలో పెట్టేశారు.

తిడదామని నోరు తెరిచేలోగా, సగం కాలిన కొమ్మలో గుండ్రటి కన్నం ఒకటి కనిపించింది. అందులోంచి తన ఒంటికన్నా పొడుగు మీసాలున్న పెంకుపురుగు బయటికి వచ్చి, పొగకు తిక్కపట్టి చారు గిన్నె అంచు మీద వాలింది. మా ఆయన తడుముకోకుండా దాని మీద గ్లాసు బోర్లించారు. కొమ్మను నీళ్లలో ఆర్పి నరికి చూశాను. లోపల ఉండవలసిన పసుపు రంగు లేదు. నీలం మచ్చలు. ముట్టుకుంటే చేతికి అంటుకోలేదు. పైన్ చెక్క పట్టుకుని చెయ్యి అంటుకోకపోవడం నా జన్మలో ఇదే మొదటిసారి.

గాలి నెల, పదకొండో రోజు

నిన్న ఆ చెక్క పేళ్లను గుడ్డలో మూటగట్టి, గ్లాసుడు నీళ్లలో వేలాడదీసి ఉంచాను. పొద్దున గ్లాసు అడుగు నీళ్లను సూదులు చూసుకునే భూతద్దం కింద పెట్టాను. నులిపురుగులు. వెంట్రుకకన్నా సన్నగా, పారదర్శకంగా, సంతలో జనంలా మెలికలు తిరుగుతున్నాయి. పెంకుపురుగును కూడా ఒక చుక్క నీళ్లలో ముంచి చూశాను. దాని ఊపిరి గొట్టాల్లో ఇవే కిక్కిరిసి కూర్చున్నాయి. ఆ పురుగు వీటికి బండి అన్నమాట. లేత కొమ్మల బెరడు కొరుక్కు తింటుంది, ఆ గాటు దగ్గర ఇవి దిగిపోతాయి.

తర్వాత మా చెట్టు పుల్ల ఒకటి, నాయుడు గారి కొమ్మ ఒకటి పలచగా చెక్కి పక్కపక్కన పెట్టి చూశాను. మా పుల్లలో జిగురు కాలవలు గుండ్రంగా ఉన్నాయి, వాటి చుట్టూ మెత్తటి కణాలు గోడ కట్టినట్టు ఉన్నాయి. ఆయన కొమ్మలో ఆ గోడలే లేవు. నులిపురుగులు తినేశాయి. కాలవలు చిరిగి జిగురంతా పక్కనున్న నీటి గొట్టాల్లోకి కారిపోయింది. గొట్టాల్లో నీళ్లుండాల్సిన చోట గాలి చేరింది.

అప్పుడు టక్ అంటే ఏమిటో అర్థమైంది. ఆకులు ఎండకు నీళ్లు వదులుతుంటే వేళ్ల దగ్గర నుంచి నీళ్లు దారంలా పైకి లాగుతాయి. గొట్టంలో గాలి దూరితే ఆ దారం తెగుతుంది. తెగినప్పుడల్లా ఒక చిన్న చప్పుడు. నాయుడు గారి చెట్టు ఏడాదంతా మాట్లాడలేదు. దాని లోపల నీటి దారాలు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

అత్తకు చెప్పాను. కొమ్మ పొయ్యిలో పడిన సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. మా ఆయన ఆ సమయానికి పెరట్లో పని కల్పించుకున్నారు. అత్త కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ మాత్రం గ్లాసు వంక చూస్తూ అంది:

"మా మామ్మ, సెట్టు టక్ మంటే సాలు, కుండ ఎత్తుకుని పరిగెట్టీది. కుండెడూ దాని మొదట్లో కుమ్మరించీది. అది పూజనుకున్నాం మేం. నీళ్లు కరువై కుండ సెంబైంది, సెంబు ఉద్ధరిణైంది."

పెద్దలు ఆ చెవులు పెట్టింది చెట్ల అభిప్రాయం కోసం కాదు. ఏ చెట్టుకు దాహమేస్తోందో వినడానికి.

గాలి నెల, పన్నెండో రోజు

గ్లాసూ భూతద్దమూ పట్టుకుని నాయుడు గారింటికి వెళ్లాను. నాకు బుద్ధి లేదు.

"మూగ సెట్టు ఇంటోలు మాటాడే సెట్టుకి పురుగులంటగట్టడానికొచ్చినారేటి?" అన్నారాయన. భూతద్దం వంక చూడనైనా లేదు. నేరుగా చెట్టు వైపు తిరిగారు. "అమ్మా, దాలమ్మ సెప్పినదంతా అబద్ధమేనా?"

టక్.

"ఇన్నావు కదా. ఇంక ఎల్లు."

వస్తూ వస్తూ పైకి చూశాను. చిటారున సూదాకులు ఎర్రబారుతున్నాయి. మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉంది. ఇంకో నెల ఆగితే పెంకుపురుగులు బయటికి వచ్చి వీధిలో మిగిలిన చెట్లన్నిటినీ పలకరిస్తాయి. ముందు పలకరించేది పక్కనే ఉన్న మాదాన్ని. దాన్ని సభ కొట్టకపోయినా పురుగు కొడుతుంది.

సాక్ష్యం చూపిస్తే వినరు. ఆ చెట్టు మాట మాత్రం వింటారు. సరే, చెట్టుచేతే చెప్పిద్దాం.

గాలి నెల, సభ రోజు

సభ ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. చెట్లు ఆ వేళే బాగా పలుకుతాయని పెద్దలు పెట్టిన ముహూర్తం. ఎందుకు పలుకుతాయో నాకు ఇప్పుడు తెలుసు. వీధిలోని చెవులన్నిటి నుంచీ తీగలు లాగి, అడిగే చెట్టు తీగను సభ బూరకు తగిలించడం నా పనే. తీగలు లాగి ఉంచాను.

పోలమ్మ గారు మా చెట్టు పేరెత్తబోయారు. నేను లేచాను. సభలో ప్రతి ఇంటికీ ప్రశ్న వేసే హక్కుంది.

"ముందు నాయుడు గారి చెట్టునడుగుతానమ్మా," అన్నాను దాని తీగ బూరకు తగిలిస్తూ.

నాయుడు గారు మీసం దువ్వారు. "అడగనీ."

"తల్లీ, నాయుడు గారి మీసం మేకది కోసి అతికించుకున్నదేనా?"

టక్.

ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు గారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"ఈ ఏడంతా ఆయన మా ఇంట్లో అంట్లు తోముతారా?"

టక్.

ఈసారి వెనక వరసలో వాళ్లు బాహాటంగానే నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, పెళ్లిలో కూడా నేను ఆ పళ్లు చూడలేదు. నాయుడు గారు లేచి, "ఇదేటి, ఎగతాళా?" అన్నారు. నేను ఆయన వైపు చూడకుండా మూడో ప్రశ్న వేశాను.

"సభ నూనె డబ్బాలు మాయం చేసింది పోలమ్మ గారేనా?"

టక్. టక్.

పోలమ్మ గారి ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ఆవిడ మెల్లగా అన్నారు: "ఆ సెట్టుకి ఒంట్లో బాగునేదు."

"అదే అడుగుతున్నానమ్మా," అన్నాను. "తల్లీ, నీకు దాహంగా ఉందా?"

టక్ టక్ టక్ మని బూర ఆగకుండా మోగింది. ఎండ సరిగ్గా నడినెత్తికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు గ్లాసును అందరి మధ్యా తిప్పాను. భూతద్దంలో ఒక్కొక్కరే చూశారు. బాడిసె తీసుకుని మా చెట్టుకు ఒక గాటు, నాయుడు గారి చెట్టుకు ఒక గాటు పెట్టాను. మా చెట్టు గాటు నుంచి జిగురు బొట్లుబొట్లుగా ఉబికింది. ఆయన చెట్టు గాటు ఎండిన పెదవిలా ఉండిపోయింది. నోరుకొమ్మలు కట్టిన ఆ మూడిళ్ల వాళ్లూ ఎవరూ చెప్పకుండానే తమ చెట్ల వైపు నడిచారు.

నాయుడు గారు ఆ గాటును వేలితో తడిమి చూశారు. వేలికి ఏమీ అంటుకోలేదు.

"అమ్మ మాటాడతంది అనుకున్నాను," అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "ఉద్ధరిణితో పోసినాను దాలమ్మా. దాహమో అని ఏడిస్తే ఉద్ధరిణితో పోసినాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద ఇన్నాళ్లు రాసిన వెటకారమంతా చేదయింది. గుమ్మడికాయ కోసం కాదేమో ఆయన రోజూ చెట్టునడిగింది. అవునన్నప్పుడల్లా వాళ్లమ్మ ఒకసారి పలికినట్టుండేది.

ఆయన కళ్లు తుడుచుకుని బూర వైపు తిరిగారు. కొట్టెయ్యమంటావా అని అడగబోతున్నారు. చెట్టు ఏమంటుందో నాకు తెలుసు. నేను నెమ్మదిగా వెనక్కి వెళ్లి బూర తీగ పీకేశాను. ఆ మాట మాత్రం చెట్టుచేత అనిపించకూడదు.

ఆయన అడిగారు. బూర పలకలేదు. నా చేతిలోని తీగ చూసి, తలదించుకున్నారు.

"కొట్టీండి," అన్నారు. "బెరడుతో సహా కాల్చీండి. నానే ముట్టిస్తాను."

సాయంత్రానికి నాలుగు చెట్లూ నేలకూలాయి. మంట ఆరాక పోలమ్మ గారు నియమం గుర్తు చేశారు. ఆవిడ పోలమ్మ గారు కదా. మా చెట్టును ఇంకా అడగనేలేదు.

నేను మా చెట్టు తీగ బూరకు తగిలించాను. మా అత్తే లేచి అడిగింది.

"ఏటే తల్లీ, మమ్మల్నొగ్గీసి ఎలిపోతావా?"

బూర పలకలేదు. పోలమ్మ గారు ఆగారు. అందరూ ఆగారు.

"పోనంటంది," అన్నారు పోలమ్మ గారు చివరికి. "రాసుకో దాలమ్మా."

రాసుకున్నాను.

మంచు నెల, ఇరవయ్యో రోజు

ఉద్ధరిణెలన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. టక్ మంటే కుండ పట్టుకెళ్లాలన్నది ఇప్పుడు నియమం. నాయుడు గారు కొత్త మొక్క నాటారు. దానికి ఇంకా సూది దింపే ఈడు రాలేదు కనక మధ్యాహ్నాలు మా చెట్టు కింద కూర్చుంటారు, పలకకపోవడం వినడానికి. అత్త ఆయనకు వక్కపొడి పెట్టి, మధ్యలో మాట్లాడనివ్వకుండా కబుర్లు చెబుతుంది. మూగచెట్టు ఇల్లని మమ్మల్ని వెక్కిరించినవాళ్లు ఇప్పుడు పుల్లలడగడానికి వస్తున్నారు. ఇవ్వనని అత్త తెగేసి చెబుతోంది, నోరుకొమ్మ కట్టడం నిషేధం కనక.

ఈ మధ్యాహ్నం మా బూర మోగింది.

టక్.

నాకు ప్రాణం పోయినట్టయింది. ఇన్నేళ్లు ఆ ఒక్క చప్పుడు కోసం మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అదే వినిపిస్తే బాడిసె అందుకున్నాను. మళ్లీ టక్. అత్త చేతిలోని వక్కపొడి డబ్బా జారిపోయింది. "నా తల్లీ, వద్దే, మాటాడొద్దే," అంటూ చెట్టును కావలించుకుంది.

నాయుడు గారు ఒక్క అంగలో లేచి, నా బాడిసె లాక్కుని మానుకు గాటు పెట్టారు. అరచెయ్యి గాటుకు అదిమిపట్టి కళ్లు మూసుకున్నారు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం.

"కారతంది," అన్నారు. "ఎర్రయ్యమ్మా, జిగురు కారతంది." ముసలాయన వలవలా ఏడుస్తూ నవ్వారు. చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. మానుకు అంటుకుపోయింది.

టక్.

అప్పుడు చెట్టు అవతల నుంచి మా ఆయన తల బయటికి పెట్టారు. ఒక చేతిలో రాయి ఉంది. ముందున్న వేరు మీద పగలగొట్టిన కుంకుడుకాయలు కుప్పగా ఉన్నాయి. మా ముగ్గురి ముఖాలూ చూసి, ఏదో ఒకటి చెప్పక తప్పదని ఆయనకు తోచింది.

"అమ్మకి తలంటు," అన్నారు.

అత్త ఆ కుంకుడుకాయలే ఏరి ఆయన మీదకు విసిరింది. నాయుడు గారి చెయ్యి విడిపించడానికి ఒక గిన్నెడు కొబ్బరినూనె పట్టింది. విడిపించాక కూడా ఆయన జిగురు పూర్తిగా కడుక్కోలేదు. అలాగే ఇంటికి వెళ్లారు, అరచెయ్యి మాటిమాటికీ వాసన చూసుకుంటూ.

వినికిడి పుస్తకంలో చెట్లు పలికిన మాటలు తప్ప మరేమీ రాయకూడదు కనక, నియమం ప్రకారం ఈ రోజు మా చెట్టు పలికినది రాస్తున్నాను: ఏమీ లేదు.